శిక్ష ఏ తేదీకి ముగుస్తుంది?

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకి వినిపిస్తోందా? ఒకసారి చెయ్యెత్తండి. సరే, మొదలుపెడతాను.

క్రిమినల్ కోర్టుల్లో ఇరవై ఆరేళ్లు డిఫెన్స్ లాయరుగా పనిచేశాను. మా వృత్తిలో ఒక అలవాటుంది. తీర్పు వస్తుంది. కేసు కొట్టేస్తే సంతోషం, శిక్ష పడితే అప్పీలు. ఆ అప్పీలు కూడా తేలిపోయాక ఫైలుకి తాడు కట్టి అటక మీద పడేస్తాం. ఆ మనిషి లోపల ఎన్నాళ్లున్నాడో, ఎప్పుడు బయటికొచ్చాడో, వచ్చి ఏం చేస్తున్నాడో మాకు తెలీదు. తెలుసుకోవాలనీ అనిపించదు. నేనూ అంతే. ఇందులో గొప్పగా చెప్పుకోడానికి ఏమీ లేదు, ముందే ఒప్పేసుకుంటున్నాను.

అలా అటకెక్కిన ఫైలొకటి ఒకరోజు మనిషై మా ఆఫీసు గుమ్మంలో నిలబడింది. కొట్లాట కేసు. ఇనుప రాడ్డుతో కొడితే అవతలి మనిషి కుడిచెయ్యి విరిగింది, అతుక్కున్నా మళ్లీ మునుపటిలా పనిచెయ్యలేదు. మూడేళ్ల శిక్ష. పూర్తిగా అనుభవించి వచ్చాడు. కూర్చోమని చెప్పేదాకా నిలబడే ఉన్నాడు. కూజా పక్కనే ఉన్నా, "నీళ్లు తాగొచ్చా సార్" అని అడిగాడు. సాయంత్రమయ్యేసరికి కుర్చీలో కుదురుగా ఉండలేకపోతున్నాడు. ఏమైందయ్యా అంటే, సిగ్గుపడుతూ "లాకప్ టైమ్ సార్, అలవాటైపోయింది" అన్నాడు.

అతను వచ్చింది కేసు పని మీద కాదు. చేతిలో ఉద్యోగానికి పెట్టుకునే దరఖాస్తు ఫారం ఒకటుంది. పేరు, వయసు, చదువు అన్నీ నింపేశాడు. ఒక్క చోట ఆగిపోయాడు. "మీకు ఎప్పుడైనా, ఏ కోర్టులోనైనా శిక్ష పడిందా? పడితే వివరాలు." దాని కింద రెండు చుక్కల గీతలు.

"ఇక్కడ ఏం రాయమంటారు సార్?"

చట్టంలో సెక్షన్లు నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ణి. దీనికి మాత్రం నా దగ్గర జవాబు లేదు. అవునని రాస్తే ఆ కాగితం చెత్తబుట్టలోకి. కాదని రాస్తే కొన్నాళ్లకి బయటపడుతుంది, ఉద్యోగం పోతుంది, పైగా అబద్ధం చెప్పాడన్న కొత్త నేరం మెడకి చుట్టుకుంటుంది. ఈసారి అది నిజంగానే అతని తప్పవుతుంది కూడా.

నిర్వాహకులు ఈ ప్రసంగానికి "శిక్ష అనుభవించినవారికి రెండో అవకాశం" అని పేరు పెట్టారు. మంచి పేరే. నాకు మాత్రం "అవకాశం" అన్న మాట దగ్గర కొంచెం ఇబ్బంది. ఏదో మన జేబులోంచి తీసి ఇస్తున్నట్టు ఉంటుంది. జడ్జిగారు తీర్పులో ఒక అంకె రాస్తారు. మూడేళ్లంటే మూడేళ్లు. ఆ అంకె కోసం ఇరువైపులా గంటలకొద్దీ వాదిస్తాం. మూడా, రెండున్నరా అని. అంత వాదించి తేల్చిన అంకె పక్కన, బయటున్న మనం ఎవరికి తోచినంత వాళ్లం కలుపుకుంటూ పోతాం. ఇల్లు అద్దెకివ్వం. పనిలో పెట్టుకోం. పెళ్లి సంబంధం దగ్గర "జైలుకెళ్లొచ్చినవాడట" అని చెవిలో ఊదుతాం. ఈ రెండో శిక్షని ఏ జడ్జీ వెయ్యలేదు, దీనికి అప్పీలు లేదు, ముగిసే తేదీ అంతకన్నా లేదు.

బయటికొచ్చిన మొదటి రోజుల గురించి ఒక మాట చెప్పాలి. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో జైళ్ల నుంచి విడుదలైనవాళ్ల మీద జరిగిన అధ్యయనం ఒకటి 2007లో వచ్చింది. విడుదలైన మొదటి రెండు వారాల్లో వాళ్లు చనిపోయే ప్రమాదం, అదే వయసు సామాన్య జనంతో పోలిస్తే, 12 రెట్లకు పైగా ఉంది. మత్తుమందు మోతాదు మించి చనిపోయే ప్రమాదమైతే 129 రెట్లు. లోపలున్నన్నాళ్లూ మానేసిన శరీరం పాత మోతాదుని తట్టుకోలేదు, అదొక కారణం. నన్ను ఆపింది మాత్రం ఆ "రెండు వారాలు" అన్న మాట. ఇన్నేళ్లు గోడల మధ్య కాపలా కాసి, సరిగ్గా మనిషి అన్నిటికంటే బలహీనంగా ఉన్న రోజున గేటు తీసి, చేతిలో సంచి పెట్టి పంపేస్తాం.

ఐక్యరాజ్య సమితి 2015లో ఆమోదించిన నియమాలున్నాయి, ఖైదీలతో ఎలా వ్యవహరించాలో చెప్పేవి. నెల్సన్ మండేలా నియమాలంటారు. వాటిలో 108వ నియమం చదివితే తమాషాగా ఉంటుంది. పెద్ద పెద్ద ఆదర్శాలేం ఉండవు. విడుదలయ్యే మనిషికి గుర్తింపు పత్రాలుండాలి, ఉండడానికి చోటు, చెయ్యడానికి పని దొరకాలి, ఆ వాతావరణానికి తగిన బట్టలుండాలి, చేరాల్సిన చోటికి చేరడానికి, మొదటి కొన్నాళ్లు గడవడానికి సరిపడా ఉండాలి. అంతే. ఎవరో బయటికొచ్చినవాడి పక్కన నడుస్తూ రాసినట్టుంటుంది. బట్టల సంగతి కూడా రాయాల్సి వచ్చిందంటే, ఎండాకాలంలో అరెస్టయినవాడు అవే బట్టలతో చలికాలంలో బయటికొచ్చిన సందర్భాలు ఎన్నో ఉండబట్టే కదా.

ఇప్పుడు ఆ ఫారం దగ్గరికి వద్దాం. దాని దెబ్బ ఎంతో కొలిచినవాళ్లున్నారు. దేవా పేజర్ అనే సోషియాలజిస్టు 2001లో అమెరికాలోని మిల్వాకీ నగరంలో ఒక ప్రయోగం చేసింది. కాలేజీ కుర్రాళ్లని జంటలుగా ఉద్యోగాలకి పంపింది. ఒక జంటలో ఇద్దరూ తెల్లవాళ్లు, ఇంకో జంటలో ఇద్దరూ నల్లవాళ్లు. చదువు, అనుభవం, మాటతీరు అన్నీ ఒకేలా ఉండేట్టు చూసింది. తేడా ఒక్కటే, జంటలో ఒకడు డ్రగ్స్ కేసులో 18 నెలలు జైల్లో ఉన్నట్టు చెబుతాడు. అది కల్పితమే, పైగా వారం వారం ఆ వేషం మారుతుంది, ఈ వారం ఒకడు, పై వారం ఇంకొకడు. అంటే మనిషి తేడా కూడా కాదు, అచ్చంగా ఆ మాట తేడాయే. తెల్లవాళ్లలో మచ్చ లేనివాడికి నూటికి 34 చోట్ల నుంచి మళ్లీ పిలుపొచ్చింది, జైలు మాట చెప్పినవాడికి 17. నల్లవాళ్లలో మచ్చ లేనివాడికి 14, ఉన్నవాడికి 5. ఇంకోసారి చూడండి ఆ అంకెలు. ఏ తప్పూ చెయ్యని నల్లవాడికంటే జైలుకెళ్లొచ్చానన్న తెల్లవాడికే ఎక్కువ పిలుపులొచ్చాయి. శిక్ష ముద్ర అందరి ఒంటి మీదా ఒకేలా కనబడదు.

ఈ సభలో కంపెనీల్లో మనుషుల్ని ఎంపిక చేసేవాళ్లు చాలామంది ఉన్నారని చెప్పారు. మీ మనసులో ఉన్నది నేనే అనేస్తాను. "అంతా బాగానే ఉందండీ, రేపు అతను మళ్లీ చేస్తే?" ఇది పనికిమాలిన భయమని నేను అనను. అమెరికాలో 2005లో 30 రాష్ట్రాల జైళ్ల నుంచి విడుదలైన సుమారు 4 లక్షల మందిని ప్రభుత్వ గణాంకాల శాఖ తొమ్మిదేళ్లపాటు గమనించింది. నూటికి 44 మంది మొదటి ఏడాదిలోనే మళ్లీ అరెస్టయ్యారు. మూడేళ్లకి 68 మంది. తొమ్మిదేళ్లకి 83. అరెస్టు వేరు, నేరం రుజువవడం వేరు, లాయరుగా ఆ మాట అనకుండా ఉండలేను. అయినా చిన్న అంకెలు కావు. రెండో అవకాశం గురించి మాట్లాడేవాళ్లు ఈ అంకెల్ని దాచిపెట్టి మాట్లాడితే వినేవాళ్లు నమ్మరు, నమ్మకూడదు కూడా.

అయితే ఆ లెక్కలోనే ఇంకో సంగతుంది. మొదటి ఏడాది అరెస్టయినవాళ్లు 44 శాతమైతే, తొమ్మిదో ఏడాదిలో అరెస్టయినవాళ్లు 24 శాతం. అంటే ప్రమాదం ఒకే మట్టంలో నిలబడి లేదు, ఏడాదికేడాది దిగుతోంది. ఎంతవరకు దిగుతుంది? ఆల్ఫ్రెడ్ బ్లమ్‌స్టీన్, కిమినోరి నకమురా అనే ఇద్దరు పరిశోధకులు 2009లో ఈ ప్రశ్ననే పట్టుకున్నారు. న్యూయార్క్ రాష్ట్రంలో 1980లో మొదటిసారి అరెస్టయినవాళ్ల రికార్డులు తీశారు. దోపిడీ కేసులో 18 ఏళ్లకే అరెస్టయిన కుర్రాడు మళ్లీ ఏ గొడవలోకీ పోకుండా ఉంటే, అతను అరెస్టయ్యే అవకాశం అదే వయసు సామాన్యుడితో సమానమవడానికి ఎన్నేళ్లు పట్టిందో చూశారు. సుమారు 7.7 ఏళ్లు. ఇళ్లల్లో దొంగతనమైతే 3.8 ఏళ్లు.

నేను ఇక్కడే కాసేపు ఆగుతాను, ఎందుకంటే నేను చెప్పదలుచుకున్నదంతా ఇందులోనే ఉంది. ఆ కుర్రాడికి 26 ఏళ్లొచ్చేసరికి, అతని పక్క కుర్చీలో కూర్చున్న, ఏనాడూ పోలీస్ స్టేషన్ గడప తొక్కని మనిషికీ అతనికీ లెక్క ప్రకారం తేడా లేదు. కానీ ఫారం ఏమడుగుతుంది? "ఎప్పుడైనా" అంటుంది. నాకు ఆ ఫారంలో "శిక్ష" అన్న మాటతో పేచీ లేదు. "ఎప్పుడైనా" అన్న మాటతోనే. మన భయానికి వయసు లేదు. మందు సీసా మీద కూడా గడువు తేదీ వేస్తాం, భయం మీద వెయ్యం. నిన్న బయటికొచ్చినవాడినీ, పదిహేనేళ్ల కిందట వచ్చి పిల్లల్ని బడికి పంపుతున్నవాడినీ ఒకే గడిలో టిక్కు పెట్టమంటాం.

ఈ గడువు సంగతి ఇంగ్లండు వాళ్లకి 1974లోనే తట్టింది. నేరస్తుల పునరావాస చట్టం చేశారు. శిక్ష పూర్తయ్యాక ఇన్నేళ్లు మళ్లీ శిక్ష పడకుండా ఉంటే ఆ శిక్ష "చెల్లిపోయినట్టు". తర్వాత చాలావరకు ఉద్యోగాల్లో ఎవరైనా అడిగితే, లేదని చెప్పే హక్కు చట్టమే ఇస్తుంది. 2023 అక్టోబరు నుంచి ఆ గడువులు ఇంకా తగ్గాయి. ఏడాది లోపు జైలైతే, శిక్ష ముగిశాక ఒక ఏడాది. ఏడాది నుంచి నాలుగేళ్ల లోపైతే నాలుగేళ్లు. అంతకు మించితే ఏడేళ్లు, అయితే తీవ్రమైన హింస, లైంగిక నేరాలు, ఉగ్రవాదం అందులోకి రావు. పిల్లలతో, రోగులతో చేసే పనులకి పాత రికార్డూ చూస్తారు. చూడాల్సిందే.

భారతదేశంలో అలాంటి సాధారణ చట్టం లేదు. జైలుకి పంపకుండా, మంచి నడవడితో ఉండాలన్న షరతుతో, అంటే ప్రొబేషన్ మీద వదిలినవాళ్లకి 1958 నాటి చట్టంలో 12వ సెక్షన్ ఉంది, ఆ నేరం రుజువవడం వల్ల వచ్చే అనర్హత వాళ్లకి అంటదు. మైనర్లకి అలాంటి రక్షణే 2015 జువెనైల్ జస్టిస్ చట్టంలో 24వ సెక్షన్ ఇస్తుంది. పెద్దవాడై, జైలుకెళ్లి, శిక్ష మొత్తం అనుభవించి వచ్చినవాడికి మాత్రం ఏమీ లేదు. మా ఫారం మనిషి ఆ కోవలోకే వస్తాడు.

చట్టం చేసినంత మాత్రాన పనైపోదని మిషిగన్ అనుభవం చెబుతుంది. అక్కడ పాత శిక్షని రికార్డు నుంచి తీయించుకునే వీలుంది. అర్హత ఉన్నవాళ్లలో అయిదేళ్లలోపు ఆ పని చేయించుకున్నవాళ్లు ఎంతమందో తెలుసా? ఒక అధ్యయనం ప్రకారం నూటికి ఆరున్నర మంది. దరఖాస్తులు, వేలిముద్రలు, ఫీజులు, కోర్టు వాయిదాలు. కోర్టు మెట్లు చూస్తేనే కాళ్లు వణికే మనిషిని మళ్లీ కోర్టుకి రమ్మంటే ఎవరొస్తారు? తీయించుకున్నవాళ్ల సంపాదన ఏడాదిలో 20 శాతానికి పైగా పెరిగిందని ఆ అధ్యయనమే చెప్పింది. పెన్సిల్వేనియా 2018లో ఇంకో దారి పట్టింది. గడువు దాటిన కొన్ని చిన్న నేరాల రికార్డుల్ని ఎవరూ అడక్కుండా కంప్యూటరే మూసేసేట్టు చట్టం చేసింది. నాకు ఈ పద్ధతే నచ్చుతుంది. మా లాయర్లకి ఫీజు పోతుంది, అది వేరే సంగతి. (నవ్వులు)

ఇంకొందరు అసలా గడినే ఫారంలోంచి తీసేయమన్నారు. హవాయి 1998లో తీసేసింది, తర్వాత చాలా రాష్ట్రాలు అదే దారి పట్టాయి. మంచి ఉద్దేశమే, కానీ బెడిసికొట్టిన చోట్లున్నాయి. న్యూజెర్సీలో, న్యూయార్క్ నగరంలో ఇద్దరు పరిశోధకులు సుమారు 15 వేల కల్పిత దరఖాస్తులు పంపి చూశారు. గడి ఉన్నప్పుడు తెల్లవాళ్ల పేర్లకీ నల్లవాళ్ల పేర్లకీ పిలుపుల్లో తేడా 7 శాతం. గడి తీసేశాక అది 43 శాతమైంది. అడగడానికి వీల్లేకపోయేసరికి యజమాని పేరు చూసి ఊహించడం మొదలుపెట్టాడు. కాగితం మీంచి ప్రశ్న పోయింది, బుర్రలోంచి పోలేదు. అందుకే దాచడం కంటే గడువు పెట్టడం మేలని నా అభిప్రాయం. మీరు ఒప్పుకోకపోవచ్చు.

ఇంటర్నెట్ వచ్చాక దాచడం మరీ కష్టమైంది. పూర్వం వార్తాపత్రిక మర్నాడు పొట్లం కట్టడానికి పోయేది. ఇప్పుడు పేరు కొడితే ఇరవయ్యేళ్ల కిందటి వార్త మొదటి వరసలో నిలబడుతుంది. లండన్ హైకోర్టుకి 2018లో ఇద్దరు వ్యాపారులు వేర్వేరుగా ఒకే కోరికతో వెళ్లారు, మా పాత శిక్షల లింకులు గూగుల్‌లో కనబడకుండా చెయ్యమని. ఇద్దరి శిక్షలూ చట్టప్రకారం చెల్లిపోయినవే. కోర్టు ఒకరికి సరే అంది, ఇంకొకరికి కుదరదంది. గెలిచినతను తప్పు ఒప్పుకున్నాడు, పశ్చాత్తాపపడ్డాడు, పాత నేరానికీ ఇప్పుడు చేస్తున్న పనికీ సంబంధం లేదు. ఓడినతను అప్పటికీ తన తప్పేమీ లేదన్నట్టే మాట్లాడాడు, వ్యాపారంలోనే ఉన్నాడు. నాకు ఆ తీర్పు బాగా నచ్చింది. అందరినీ ఒకే గాట కట్టలేదు.

ఏదో చీటీ వచ్చింది. చదువుతాను. "మీరు నేరం చేసినవాళ్ల గురించే మాట్లాడుతున్నారు. దెబ్బ తిన్నవాళ్ల సంగతేమిటి? వాళ్లకి రెండో అవకాశం ఎవరిస్తారు?"

ఎవరు రాశారో గానీ, సరైన ప్రశ్న. మా క్లయింటు కొట్టినతని చెయ్యి ఇంకా సరిగ్గా ముడుచుకోదు. అతని శిక్షకి ఏ జడ్జీ అంకె వెయ్యలేదు. బాధితుడికి అందాల్సిన పరిహారం, వైద్యం, రక్షణ అందకుండా ఉంటే అది ఘోరమైన లోపం, దాన్ని గట్టిగా అడగాలి. కానీ ఒకరికి పని ఇవ్వకపోతే ఇంకొకరి చెయ్యి నయం కాదు. కూలి లేక ఇంట్లో కూర్చున్నవాడు పరిహారం ఎక్కణ్ణుంచి కడతాడు? క్షమించమని బాధితుణ్ణి అడిగే హక్కు నాకు లేదు, మీకూ లేదు. క్షమించడం అతని ఇష్టం. పనిలో పెట్టుకోవడానికి క్షమాపణతో పనిలేదు, జీతం ఇచ్చి పని తీసుకోవడమే కదా.

పనిలో రిస్కు లేదని కూడా చెప్పను. జపాన్‌లో హొగొషి అని స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లు సుమారు 47 వేల మంది ఉన్నారు. జీతం లేదు. విడుదలైనవాళ్లని తమ ఇంటికే పిలిచి, కూర్చోబెట్టి మాట్లాడతారు. 2024 మే నెలలో ఒత్సు నగరంలో అలాంటి హొగొషి ఒకాయన హత్యకు గురయ్యారు. ఆయన చూసుకుంటున్న మనిషినే పోలీసులు అరెస్టు చేశారు. ఈ విషయం దాటేసి వెళ్లిపోతే మిమ్మల్ని మోసం చేసినట్టే.

ఇంకో వైపు నార్వే ఉంది. అక్కడ ఏ జడ్జి దగ్గరికి కేసు వెళుతుందన్నది లాటరీ లాంటిది, కొందరు జైలుకి పంపుతారు, కొందరు పంపరు. దాన్ని ఆసరా చేసుకుని ఆర్థికవేత్తలు లెక్క కట్టారు. జైలుకెళ్లినవాళ్లు అయిదేళ్లలో మళ్లీ నేరం చేసే అవకాశం 29 శాతం పాయింట్లు తగ్గింది. ఎవరి వల్ల తగ్గింది? అంతకుముందు పనీపాటా లేనివాళ్ల వల్ల. లోపల పని నేర్చుకున్నారు, బయట చేశారు. ముందే ఉద్యోగం ఉన్నవాళ్లకి మాత్రం జైలు వల్ల ఉన్న ఉద్యోగం ఊడింది, అంతే.

మా మనిషి ఫారం ఏమైందని మీరు అడిగేలోపే చెప్పేస్తాను. అవునని టిక్కు పెట్టమన్నాను. వివరాలు నేనే రాశాను. "ఫలానా సెక్షన్ కింద దోషిగా నిర్ధారించబడి, విధించబడిన శిక్షను పూర్తిగా అనుభవించడమైనది." చదివి వినిపించాను. అతను కాసేపు ఆలోచించి, "సార్, ఇందులో నేను కొట్టానని ఎక్కడా లేదే" అన్నాడు. ఇరవై ఆరేళ్లుగా నేను నేర్చుకున్న భాషంతా ఆ ఒక్క వాక్యం రాయకుండా తప్పించుకునే భాషే. కాగితం తీసుకుని తనే రాశాడు. "కోపంలో ఒక మనిషిని కొట్టాను. అతని చెయ్యి పోయింది. మూడేళ్లు జైల్లో ఉన్నాను." రెండు గీతల్లో పట్టేసింది.

ఆ ఉద్యోగం రాలేదు. తర్వాత ఇంకో మూడు చోట్లా రాలేదు.

ఇంకో చీటీ. "మీరైతే పెట్టుకుంటారా?" (నవ్వులు) దీనికోసమే చూస్తున్నాను.

పెట్టుకున్నాను. మా ఆఫీసులోనే ఫైళ్లు సర్దే పని. కానీ మొదటి నెలంతా బీరువా తాళాలు నా జేబులోనే తిప్పాను. అతను చేసింది కొట్లాట, దొంగతనం కాదు. అన్నేళ్లు క్రిమినల్ లాయరుగా బతికినవాడికి ఆ తేడా తెలియాలి కదా. తెలుసు, అయినా తాళం వేశాను. అంతకుముందు ఆ కుర్చీలో కూర్చున్న కుర్రాడి విషయంలో ఒక్కరోజు కూడా అలా చెయ్యలేదు. ఇతను చూశాడు, ఏమీ అనలేదు.

రెండో నెలలో ఒక సాయంత్రం తాళాలు టేబుల్ మీదే వదిలేసి ఇంటికెళ్లిపోయాను. పొద్దున వచ్చేసరికి నా కంటే ముందే వచ్చి ఉన్నాడు. తాళాలు వదిలిన చోటే ఉన్నాయి, ముట్టుకోను కూడా ముట్టుకోలేదు.

"ఇది పరీక్షా సార్?" అన్నాడు.

"కాదయ్యా, మతిమరుపు" అన్నాను. నిజంగానే మతిమరుపు. అతను నమ్మలేదనుకుంటాను.